పటంలో మన బస్తీ ఎక్కడ?

2025 సెప్టెంబరు చివరి వారంలో హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ గేట్లు ఎత్తగానే మూసీ పొంగి హైదరాబాదు మహాత్మా గాంధీ బస్‌స్టేషన్‌లోకి నీరు చేరింది. చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ ప్రాంతాల ప్రజలు రాత్రికి రాత్రి ఇళ్లు వదిలి సహాయ కేంద్రాలకు చేరవలసి వచ్చింది. 1908 సెప్టెంబరు 28న ఇదే నది ఈ నగరాన్ని ఊడ్చివేసింది. నాటి మృతులు పదిహేను వేల మంది దాకా ఉంటారని ఒక అంచనా. ఆ విపత్తు తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఈ రెండు జలాశయాల నిర్మాణానికి పునాది పడింది. అంతగా ప్రచారంలోకి రాని మరొక పని కూడా ఆ రోజుల్లోనే జరిగింది. లియొనార్డ్ మన్ అనే అధికారి పర్యవేక్షణలో 1912 నుంచి కొన్నేళ్లపాటు నగరాన్ని గజం గజం కొలిచి, ఇల్లిల్లూ కనిపించేంత వివరంగా నక్షాలు గీశారు. పురాతన కట్టడాల గురించి, పూడిపోయిన బావుల గురించి వాదం వచ్చినప్పుడు నేటికీ చరిత్రకారులు ఆ కాగితాలనే తిరగేస్తున్నారు.

ఆనాటి గొలుసుల స్థానంలో ఈనాడు ఉపగ్రహాలు, డ్రోన్లు వచ్చాయి. కాగితం స్థానంలో కంప్యూటర్ తెర వచ్చింది. జీఐఎస్ అని పిలిచే ఈ విధానంలో ఒక పటం మీద అనేక పొరలు పరుస్తారు. ఇళ్లు ఒక పొర, మురుగు కాలువలు ఒక పొర, నీటి పైపులు, వీధిదీపాలు, ఆసుపత్రులు, పోలీసు ఠాణాలు, నేరాలు జరిగిన చోట్లు ఒక్కొక్కటి ఒక్కొక్క పొర. ఏ రెండు పొరలను కలిపి చూస్తే ఏమి తెలుస్తుందో దాన్నిబట్టి పరిపాలన నడుస్తుంది. వర్షపాతం పొరను, పల్లపు ప్రాంతాల పొరను కలిపితే రేపు ఎక్కడ నీరు నిలుస్తుందో తెలుస్తుంది. ఆస్తిపన్ను పొరను, కొత్తగా తీసిన డ్రోన్ చిత్రాన్ని కలిపితే ఎవరు అనుమతి లేకుండా మరో అంతస్తు వేశారో తెలుస్తుంది. పటం ఒక్కటే. ఏ పొరను ముందుగా తెరవాలన్నది మాత్రం పాలకుల ఇష్టం. మన బస్తీల విషయంలో ఏ పొరలు తెరుచుకుంటున్నాయి, ఏవి మూసి ఉంటున్నాయి అన్నదే ఈ నెల మా ప్రశ్న.

సాంకేతికతను శత్రువుగా చూడవలసిన పని లేదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పడవలు పోలేని సందులలోకి డ్రోన్లతో ఆహార పొట్లాలు జారవిడిచారు. ఏ మేడ మీద జనం చిక్కుకున్నారో పైనుంచి చూసి గుర్తించగలిగారు. తరువాత నష్టపరిహారంలో నేల అంతస్తుకు 25,000 రూపాయలు, పై అంతస్తులకు 10,000 రూపాయలు అని ప్రభుత్వం తేడా పెట్టింది. ఇంటింటి సమాచారం దగ్గర ఉంటే తప్ప అటువంటి లెక్క సజావుగా సాగదు. సింగ్‌నగర్‌లో మన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆకాశం నుంచి వచ్చిన ఆ పొట్లం ఎవరి ఇంటి పేరు అడగలేదు.

2025 మే 18న చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్ వద్ద ఒక ఇంట్లో మంటలు చెలరేగి 17 మంది మరణించారు. వారిలో 8 మంది పిల్లలు. లోపలికి పోవడానికి ఒక్కటే ఇరుకు దారి. పాతబస్తీలో అటువంటి ఇళ్లు, అటువంటి గల్లీలు ఎన్ని ఉన్నాయి? అగ్నిమాపక వాహనం ఎంతవరకు పోగలదు, ఎక్కడ ఆగి గొట్టం లాగాలి, దగ్గరలో నీరు ఎక్కడ దొరుకుతుంది అన్నవి పటం మీద ముందే గుర్తించి ఉంచవలసిన విషయాలు. ప్రజల భద్రత కోసం పటాలు అన్నప్పుడు మొదట తెరవవలసిన పొర ఇది. గుల్జార్ హౌజ్ తరువాతనైనా గల్లీ గల్లీకీ ఈ పని జరిగి ఉండవలసింది.

చెరువుల సంగతి ఇంకా లోతుగా చూడాలి. 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత వర్షం తరువాత పల్లె చెరువు పొంగి ఫలక్‌నుమా పక్కన అల్ జుబైల్ కాలనీని ముంచింది. మరి నాలుగు రోజులకు బాలాపూర్ వద్ద గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబా నగర్ పరిసరాలు మునిగాయి. ఉస్మాన్‌నగర్‌లో బుర్హాన్ ఖాన్ చెరువు నీరు నెలల తరబడి ఇళ్లలోనే నిలిచింది. ఆ తరువాత ఇంటికి 10,000 రూపాయల తక్షణ సాయం అన్నారు. ఏ ఇల్లు మునిగిందో చూపే నమ్మదగిన జాబితా లేకపోవడంతో గల్లీలలో నగదు పంచారు. ఎవరికి అందిందో, ఎవరికి అందలేదో తేలలేదు. మిగిలినవారు మీసేవ కేంద్రాల ముందు బారులు తీరారు. నగరపాలక ఎన్నికల పేరుతో నవంబరు 18న అదీ ఆగిపోయింది. మునిగిన ఇంటిని మునిగినదిగా చూపించే పటం ఆనాడు పనికి రాలేదు. నాలుగేళ్లు తిరిగేసరికి అవే చెరువుల చుట్టూ గీతలు గీసే పటం మాత్రం చాలా చురుకుగా పని చేయసాగింది.

2024 జులైలో హైడ్రా ఏర్పడింది. చెరువులను, నాలాలను కాపాడడం దాని బాధ్యతలలో ఒకటి. ఆ లక్ష్యంతో మాకు పేచీ లేదు. చెరువులు పోవడం వల్ల మొదట మునిగేది పేదవాడి ఇల్లే. శిఖం భూములను ప్లాట్లు చేసి, నోటరీ కాగితాల మీద అమాయకులకు అంటగట్టినవారు అన్ని మతాలలో, అన్ని పార్టీలలో ఉన్నారు. మన సమాజంలోనూ ఉన్నారు. వారి పేర్లు బయటికి రావాలి. అయితే కూలినవి ఎక్కువగా కొనుక్కున్నవారి గోడలు. అమ్మినవారి గోడలు కావు. అనుమతి ఇచ్చిన అధికారి, కరెంటు మీటరు బిగించిన శాఖ, ఏటా పన్ను వసూలు చేసిన కార్యాలయం ఏ పటంలోనూ కనిపించవు.

ఇక్కడ ఆ గీత ఎలా పుడుతుందో పాఠకులు తెలుసుకోవడం అవసరం. చెరువు పూర్తిగా నిండి అలుగు పారే మట్టాన్ని పూర్తి నీటిమట్టం అంటారు. అధికారుల భాషలో ఎఫ్‌టీఎల్. ఆ ఎత్తు చుట్టూ గీసిన గీత లోపల ఉన్నదంతా చెరువే. 2012 నాటి 168వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు ఆ గీత దాటి 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి. పది మీటర్లకు మించిన వెడల్పుగల నాలాలకు 9 మీటర్లు, అంతకంటే చిన్న వాటికి 2 మీటర్లు.

వినడానికి సులువుగా ఉంది. కాని గీత గీయడానికి ఆధారాలు మూడు చోట్ల నుంచి వస్తాయి. నీటిపారుదల శాఖ దగ్గర అలుగు ఎత్తు ఉంటుంది. రెవెన్యూ శాఖ దగ్గర నిజాం కాలం నుంచి వస్తున్న గ్రామ నక్షా, సర్వే నంబర్లు ఉంటాయి. మూడవది ఉపగ్రహ చిత్రం. చేతితో గీసిన పాత నక్షాను ఉపగ్రహ చిత్రం మీద పరిచినప్పుడు రెండూ అచ్చుగుద్దినట్లు కలవవు. కొన్ని మీటర్లు అటూ ఇటూ జరుగుతాయి. ఎవరో ఒకరు కట్టనో, పాత బావినో, గ్రామ సరిహద్దు రాయినో గుర్తుగా తీసుకుని సర్దుతారు. అలుగును ఎవరైనా ఎత్తు పెంచి ఉంటే గీత ముందుకు వస్తుంది. పైనుంచి వచ్చే కాలువను ఏ వెంచరో మింగేసి ఉంటే చెరువు అసలు నిండనే నిండదు. తొమ్మిది మీటర్ల నిబంధనకు నాలుగైదు మీటర్ల తేడా చిన్నది కాదు. అరవై గజాల ఇల్లు ఆ తేడాలో పూర్తిగా ఇమిడిపోతుంది.

అందుకే చట్టం ప్రాథమిక ప్రకటన, అభ్యంతరాల స్వీకరణ, ఆపైన తుది ప్రకటన అనే మెట్లు పెట్టింది. ఆ ప్రాథమిక ప్రకటన ఎవరికి చేరింది? వెబ్‌సైటులో ఇంగ్లీషులో ఒక పీడీఎఫ్ పెట్టి, అందులో రంగురంగుల గీతలు గీసి, వీధి పేరు గాని, ఇంటి నంబరు గాని లేకుండా వదిలితే ఉస్మాన్‌నగర్‌లో ఆటో నడిపే మనిషి అందులో తన ఇల్లు ఎలా వెదుక్కోవాలి? అభ్యంతరం చెప్పే గడువు ముగిసిందని అతనికి తెలిసేది యంత్రం వచ్చిన రోజున.

2024 సెప్టెంబరులో మూసీ ఒడ్డున జరిగినది ఇదే. రెవెన్యూ బృందాలు చాదర్‌ఘాట్ పరిసర బస్తీలలో తిరిగి గోడల మీద ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసిపోయాయి. ఆ అక్షరాలకు అర్థం ఆ ఇల్లు నదీగర్భంలో ఉందని. ఏ పటం ఆధారంగా, ఏ సంవత్సరపు వరద మట్టం ఆధారంగా అన్నది గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలికి ఎవరూ చూపలేదు. కొందరు డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు పోయారు. కొందరు పోలేదు. పోయినవారికి పని దూరమైంది, పిల్లల బడి దూరమైంది. ఉండిపోయినవారి ఇళ్లలోకి మరుసటి ఏడాది నిజంగానే నీరు వచ్చింది. ఆ నీటిని చూపి, సర్వే సరైనదే కదా అని కొందరు వాదించారు. మా సమాధానం సూటిగా చెబుతాము. వరద ప్రమాదం నిజమైతే ఆ పటాన్ని ముందుగా ఆ బస్తీకే చూపి ఉండవలసింది. ప్రమాదాన్ని తెలిపే పటం ఖాళీ చేయించే పటంగా మాత్రమే గుమ్మానికి వస్తే జనం దానిని నమ్మరు. నమ్మకపోవడం వల్ల నష్టపోయేది కూడా ఆ జనమే.

ఈ గీతకు మరొక బరువు ఉన్నదని చాలామంది గమనించలేదు. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్డోజర్ కూల్చివేతలపై ఇచ్చిన తీర్పును మనమందరం స్వాగతించాము. పదిహేను రోజుల ముందు నోటీసు, వ్యక్తిగతంగా వినిపించుకునే అవకాశం, నోటీసుల వివరాలు ఉంచే డిజిటల్ పోర్టల్ అందులో ఉన్నాయి. కాని ఆ తీర్పులోనే ఒక మినహాయింపు ఉంది. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క స్థలం, నది, నీటివనరు వంటి బహిరంగ స్థలంలోని అక్రమ కట్టడాలకు ఈ రక్షణలు వర్తించవు. అంటే చెరువు గీతకు ఇవతల ఉన్న ఇంటికి పదిహేను రోజుల గడువు ఉంది. అవతల ఉన్న ఇంటికి ఆ గడువు లేదు. మధ్యలో ఉన్నది ఎవరో కంప్యూటరు మీద సర్దిన ఒక గీత. ఆ గీతే సరైనదా కాదా అని అడిగే హక్కు నోటీసు కంటే ముందు పుట్టాలి. అమీన్‌పూర్ వ్యవహారంలో సెలవురోజు కూల్చివేతలను 2024 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు నిలదీసినప్పుడు బయటపడిన ఆందోళన కూడా ఈ కోవకు చెందినదే.

ఇక తెరుచుకోని పొరల విషయం. 2006లో సచార్ కమిటీ, 2016లో తెలంగాణలో సుధీర్ కమిషన్ మన వెనుకబాటును లెక్కలతో చూపాయి. ఆ లెక్కలు ఎక్కువగా రాష్ట్రానికో, జిల్లాకో చెందినవి. 2023లో కొందరు ఆర్థికవేత్తలు దేశంలోని దాదాపు 15 లక్షల చిన్న పరిసరాల సమాచారాన్ని వడపోసి మరింత దగ్గరగా చూశారు. ఒకే నగరంలో, ముస్లింలే లేని పరిసరంతో పోలిస్తే పూర్తిగా ముస్లింలే ఉన్న పరిసరంలో ప్రభుత్వ సెకండరీ పాఠశాల ఉండే అవకాశం సగమేనని, పైపుల ద్వారా నీరు అందే అవకాశం పది శాతం తక్కువని వారు తేల్చారు. జిల్లా సగటులో ఈ తేడా కనబడదు. వీధి స్థాయికి దిగితేనే కనబడుతుంది. జీఐఎస్ చేయగలిగిన అతి గొప్ప పని ఇదే. ఏ గల్లీ నుంచి బడి ఎంత దూరం, ప్రసూతి ఆసుపత్రి ఎంత దూరం, చెత్తబండి ఎన్ని రోజులకు వస్తుంది, ఎక్కడ మంచినీటి పైపు మురుగు కాలువలోంచి పోతున్నది అని వార్డు వారీగా పటం వేయడానికి కావలసిన సమాచారమంతా నగరపాలక సంస్థ అలమారాలలోనే ఉంది. దాన్ని ఒకచోట పరిచి ప్రజల ముందు పెట్టడానికి కొత్త డ్రోన్లు అక్కరలేదు.

పోలీసు పొర మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో ప్రారంభమైన కమాండ్ కంట్రోల్ సెంటరు నగరపు కెమెరాలను ఒక్కచోటికి తెచ్చింది. అంతకు ముందే, 2021 నవంబరులో, ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ తదితర హక్కుల సంస్థల తరఫున కార్యకర్తలు కాలాపత్థర్, కిషన్‌బాగ్ వీధులలో నడిచి బయటికి కనిపించే కెమెరాలను లెక్కించి పటం వేశారు. వారు చూసిన విస్తీర్ణంలో కాలాపత్థర్‌లో దాదాపు 54 శాతం, కిషన్‌బాగ్‌లో దాదాపు 63 శాతం కెమెరాల చూపు కింద ఉన్నట్లు తేలింది. ఢిల్లీపై అదే ఏడాది విధి న్యాయ విధాన కేంద్రం చేసిన అధ్యయనం మరొక మెలిక చూపింది. ఠాణాలు, కెమెరాలు ఎక్కువగా పరిచిన ప్రాంతాలలో ముస్లిం జనాభా ఎక్కువగా ఉన్నందున, ముఖాలను గుర్తించే పరికరాల దెబ్బ కూడా వారి మీదే ఎక్కువగా పడుతుందని ఆ అధ్యయనం హెచ్చరించింది. కారణం సులభంగా అర్థమవుతుంది. ఎక్కడ ఎక్కువగా వెదికితే అక్కడ ఎక్కువ కేసులు నమోదవుతాయి. పటం మీద అక్కడే ఎర్రచుక్కలు ముసురుకుంటాయి. ఎర్రచుక్కలను చూసి మరిన్ని కెమెరాలు పెడతారు. నేరం ఎక్కడ జరుగుతున్నదో పటం చెబుతున్నదని అధికారి నమ్ముతాడు. అది చెబుతున్నది పోలీసు ఎక్కడ తిరిగాడో మాత్రమే. తెలంగాణలో ముఖాల గుర్తింపుపై ఒక సామాజిక కార్యకర్త వేసిన వ్యాజ్యంలో 2022 ఆరంభంలోనే హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది.

ఈ నేపథ్యంలో, 2024 జులై చివర గ్రేటర్ హైదరాబాదు కార్పొరేషన్ ఇంటింటి జీఐఎస్ సర్వే మొదలుపెట్టినప్పుడు మన మొహల్లాలలో తలుపులు సగమే తెరుచుకున్నాయంటే ఆశ్చర్యమేముంది? పౌరసత్వ వివాదం నాటి భయాలు ఇంకా ఆరలేదు. పలక పట్టుకుని వచ్చిన మనిషి పన్ను కోసం వచ్చాడో, కూల్చడానికి వచ్చాడో, పేర్లు రాసుకోవడానికి వచ్చాడో తెలియదు. ఈ భయాన్ని మేము తప్పుపట్టము. అయితే తలుపు మూసుకోవడాన్ని సమర్థించలేము కూడా. పటంలో లేని ఇంటికి అంబులెన్సు దారి తెలియదు. పటంలో లేని ఖబరస్తాన్ రికార్డులో ఖాళీ స్థలంగా మారడానికి ఎక్కువ కాలం పట్టదు. సర్వేకు వచ్చినవారి గుర్తింపు కార్డు అడగండి. ఏ వివరం తప్పనిసరి, ఏది ఐచ్ఛికం అని అడగండి. రాసుకున్నదాని నకలు అడగండి. ఇవన్నీ అడిగాక సమాధానం చెప్పండి.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ, నగరపాలక సంస్థలనూ మేము కోరేవి ఇవి. చెరువు, నాలా, నది గీతల పటాలను వీధి పేర్లతో, ఇంటి నంబర్లతో, తెలుగులోనూ ఉర్దూలోనూ ముద్రించి వార్డు కార్యాలయం గోడకు, బస్తీ కూడలికి అంటించాలి. అభ్యంతరాల గడువు ఆ అంటించిన తేదీ నుంచి మొదలు కావాలి. గీత పక్కన ఉన్న ఇళ్లను నేల మీద మళ్లీ కొలిచి, ఇంటివారి సమక్షంలో పంచనామా రాయాలి. వరద ముంపు పటాన్ని ఏటా వానాకాలానికి ముందే విడుదల చేయాలి. పోలీసులు నేరాల పటాన్ని కెమెరాలకు ప్రాతిపదికగా వాడుతున్నట్లయితే ఆ ప్రాతిపదికను శాసనసభ ముందు పెట్టాలి. పన్ను కోసం సేకరించిన ఇంటి సమాచారం పోలీసు పొరలోకి జారిపోకుండా రాతపూర్వకమైన నియమం ఉండాలి. సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షను ఎవరూ అడగకముందే సమాచారం బయట పెట్టమని ఇరవై ఏళ్ల క్రితమే చెప్పింది. ఇందులో కొత్త చట్టం అవసరమైనది చాలా తక్కువ.

ప్రభుత్వం చేసేదాకా చేతులు కట్టుకుని కూర్చోవలసిన పనీ లేదు. కాలాపత్థర్‌లో కెమెరాలను లెక్కించినవారు ఉపగ్రహాలతో రాలేదు. ఫోనులతో, కాలినడకన వచ్చారు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ వంటి ఉచిత పటాలలో ఎవరైనా తమ వీధిని గుర్తించవచ్చు. ప్రతి మసీదు కమిటీ దగ్గర, ప్రతి మొహల్లా సంఘం దగ్గర ఇంజనీరింగ్ చదివిన పిల్లలు నలుగురైనా ఉన్నారు. ఈ వానాకాలానికి ముందు రెండు శుక్రవారాలు జుమా నమాజు తరువాత వారిని కూర్చోబెట్టండి. 2020లోనూ, 2025లోనూ నీరు ఏ ఇంటి ఏ మెట్టు దాకా వచ్చిందో పెద్దలను అడిగి రాయించండి. మూసుకుపోయిన నాలా మూతలు, వేలాడే కరెంటు తీగలు, వాహనం పోలేని గల్లీలు, ఖబరస్తాన్ హద్దురాళ్లు, ఒంటరిగా ఉండే వృద్ధులకు సాయం వెళ్లవలసిన దారులు గుర్తించండి. వారి పేర్లు మాత్రం బహిరంగ పటంలో పెట్టకండి. పక్క బస్తీ హిందూ సోదరులనూ కలుపుకోండి. నాలా ఇద్దరి ఇళ్ల మధ్య నుంచే పోతున్నది. ఆ పటం ఒక ప్రతి వార్డు కార్యాలయానికి, ఒకటి అగ్నిమాపక కేంద్రానికి, ఒకటి తహసీల్దారుకు రసీదు తీసుకుని ఇవ్వండి. నాలుగో ప్రతి మాకు పంపండి. అధికారులు గీసిన పటంతో దాన్ని పక్కపక్కన పెట్టి, ఎక్కడెక్కడ తేడా వచ్చిందో రాబోయే సంచికలలో ప్రచురిస్తాము.